వినోదమునకు వెల యెంత?

సెలవుదినము సమీపించినదనిన మధ్యతరగతి గృహస్థుని మనస్సులో సంతోషముతోపాటు ఒక లెక్కయు మేల్కొనును. పిల్లలు విహారయాత్ర కోరుదురు, ఇల్లాలు కాదనదు. వృద్ధురాలైన తల్లి మాత్రము, "నాకెందుకు నాయనా దండుగ? నేను ఇంట్లో ఉంటాను, మీరు పోయి రండి" అనును. ఆమెను విడిచిపోవుట కెవ్వరికిని మనసొప్పదు. ఐదుగురును బయలుదేరుదురు.

హైదరాబాదు చెంత, విజయవాడ మార్గమున 1996లో వెలసిన రామోజీ ఫిల్మ్ సిటీ ఇట్టి యాత్రలకు పేరు గన్నది. 1,666 ఎకరముల వైశాల్యముతో, ప్రపంచమునందలి చలనచిత్ర నిర్మాణశాలలలో కెల్ల పెద్దదిగా గిన్నిస్ గ్రంథమున కెక్కినది. పెద్దవారి టిక్కెట్టు ఒక్కింటికి వేయి రూపాయలు దాటును. సాధారణపు టిక్కెట్టులో భోజనము చేరదు. రాకపోకల వ్యయముకూడ కలిపినచో, ఒక చిన్న సంసారమునకు నెలకు సరిపడు పాలు, కూరగాయల సొమ్ము ఒక్క పగటిలో కరగిపోవును. ఇది తగునా యని గృహస్థుడు శంకించుటలో తప్పులేదు.

ఈ శంక వెనుక టిక్కెట్టు స్వభావమున్నది. నాంపల్లిలో ఏటేట జరుగు నుమాయిష్ 1938లో ఆరంభమైనది. అచట ప్రవేశరుసుము స్వల్పము. రంగులరాట్నమునకు వేరుగా చెల్లింపవలెను. చేతనున్న పది రూపాయలతో రాట్నమెక్కుటయా, మిఠాయి తినుటయా యని బాలుడు తర్కించుకొనుటయు ఆటలో భాగమే. 1955లో అమెరికాలోని కాలిఫోర్నియాలో తెరువబడిన డిస్నీలాండునందును తొలుత ఇట్టి పద్ధతియే యుండెను. ఒక్కొక్క వినోదమునకు ఒక్కొక్క చీటి చింపి యిచ్చువారు. 1982లో ఆ చీట్లు పోయి, ఒకే టిక్కెట్టుతో అన్నియు చూడవచ్చునను పద్ధతి స్థిరపడినది. ఫిల్మ్ సిటీ యాత్రయు ఈ రెండవ తీరునకు చెందినదే.

ఒకే టిక్కెట్టు వలన సౌకర్యము కలదు. ప్రతి మలుపునను జేబు తడవుకొన నక్కరలేదు. కాని దానితో ఒక దిగులును ప్రవేశించినది. అన్నింటికిని ముందే చెల్లించితిమి గావున ఏదియు విడువరాదని తండ్రి గడియారము చూచుకొనుచు పరుగెత్తును. పువ్వుల యెదుట నిలిచిన కూతురు చేయిపట్టి లాగబడును. ఎక్కనొల్లని ఊయలను కుమారుడు ఎక్కవలసి వచ్చును. వినోదము బాకీ వసూలుగా మారును. సాయంకాలమునకు అన్నియు చూచినట్లే యుండును. దేనిని చూచితిమన్న జ్ఞాపకముండదు.

ఈ పరుగులో పాల్గొననిది ముసలితల్లి యొక్కతెయే. ఆమె బస్సులో కిటికీప్రక్కన కూర్చుండి తోటలను, కోటలను, చిత్రములకొరకు కట్టిన వీథులను తీరికగా చూచును. రైలు రాని రైల్వేస్టేషనును చూచి, "ఎన్నో స్టేషన్లు చూశాను గాని, టిక్కెట్టు కొని రైలెక్కకుండా తిరిగి వచ్చేది ఇదొక్కటే!" అని నవ్వును. ఆ మాటకు పిల్లలును నవ్వుదురు. ఏండ్లు గడచిన పిదప వారికి ఊయల గుర్తుండకపోవచ్చును. నాయనమ్మ నవ్వు గుర్తుండును. ఎవరి టిక్కెట్టు దండుగ యని తలచిరో, ఆ టిక్కెట్టే సార్థకమైనది.

కావున ప్రవేశరుసుము తగునా యను ప్రశ్నకు సమాధానము ద్వారముకడ వ్రేలాడు ధరలపట్టికలో దొరకదు. అప్పుచేసి పోవలసినచో పోకుండుటయే మేలు. నుమాయిష్ సాయంకాలమును, ఊరి చెరువుగట్టును తక్కువవి కావు. చేత సొమ్మున్నవారు మాత్రము ఇచ్చినదానిని ద్వారముకడనే మరచి లోపలికి పోవలెను. సగము చూడకున్నను నష్టములేదు. కొన్నది వస్తువులను గాదు, అందరును కలిసియున్న ఒక్క పగటిని. సంసారములో అట్టి పగళ్ళు ఎన్ని మిగిలియున్నవో లెక్కించుకొన్న గృహస్థునకు, ఆ వెల యెక్కువగా తోచదు.