తెలుగు సినిమాలో నటీనటుల వయసు, నటజీవిత కాలం

తెలుగు సినిమాలో ఒక నటుడు లేదా నటి ప్రధాన పాత్రలలో ఎంతకాలం కొనసాగుతారన్నది ప్రతిభతో పాటు చిత్రాల వసూళ్ళపైన, వయసుపైన ఆధారపడి ఉంటుంది. అయితే ఈ రెండూ స్త్రీపురుషులకు ఒకే విధంగా వర్తించలేదు. విజయాలు కథానాయకుల నటజీవితాన్ని పొడిగించగా, ఆ విజయాలలో పాలుపంచుకున్న కథానాయికలు చాలావరకు నడివయసులోనే తల్లి, వదిన, అత్త పాత్రలకు మారవలసివచ్చింది.

కథానాయకులు

1923లో జన్మించిన నందమూరి తారక రామారావు 1949లో మనదేశం చిత్రంతో సినీరంగ ప్రవేశం చేశాడు. 1977లో వచ్చిన అడవి రాముడు ఘనవిజయం సాధించేనాటికి ఆయన వయసు 53. ఈ విజయం తరువాత మరికొన్నేళ్ళు ఆయన యువ కథానాయకుని పాత్రలలోనే నటించాడు. బడిపంతులు (1972)లో ఆయనకు మనవరాలిగా నటించిన శ్రీదేవి, వేటగాడు (1979)లో ఆయన సరసన కథానాయిక అయింది. అప్పటికి ఆమెకు 16 ఏళ్ళు నిండలేదు. అక్కినేని నాగేశ్వరరావు నటించిన ప్రేమాభిషేకం (1981) విడుదలైనప్పుడు ఆయన వయసు 57. అందులోనూ కథానాయిక శ్రీదేవియే.

కథానాయికలు

1958లో జన్మించిన జయసుధ, అడవి రాముడులో తనకంటే 35 ఏళ్ళు పెద్దవాడైన రామారావు సరసన నటించింది. అమ్మ నాన్న ఓ తమిళ అమ్మాయి (2003)లో తనకంటే సుమారు పదేళ్ళు మాత్రమే చిన్నవాడైన రవితేజకు తల్లిగా నటించింది.

గ్యాంగ్ లీడర్ (1991)లో చిరంజీవి, విజయశాంతి జంటగా నటించారు. విజయశాంతి చిరంజీవి కంటే పదేళ్ళకు పైగా చిన్నది. కర్తవ్యం (1990) చిత్రానికి జాతీయ ఉత్తమ నటి పురస్కారం కూడా పొందింది. సుదీర్ఘ విరామం తరువాత చిరంజీవి ఖైదీ నంబర్ 150 (2017)తో కథానాయకునిగానే తిరిగివచ్చాడు. విజయశాంతి సరిలేరు నీకెవ్వరు (2020)తో తిరిగివచ్చినది ప్రొఫెసరు పాత్రలో. ఆ చిత్ర కథానాయకుడు మహేష్ బాబు. 2023 జనవరిలో ఒకే వారంలో విడుదలైన వాల్తేరు వీరయ్య, వీరసింహారెడ్డి చిత్రాలలో చిరంజీవి, బాలకృష్ణల సరసన శ్రుతి హాసన్ నటించింది. అప్పటికి వారిద్దరి వయసు 60 దాటింది. ఆమెకు 37 నిండలేదు.

కారణాలు

తెలుగు చిత్రాల హక్కులను నైజాం, సీడెడ్, ఆంధ్ర వంటి ప్రాంతాలవారీగా విడుదలకు ముందే పంపిణీదారులకు అమ్మడం పరిపాటి. ఈ ధర ఎక్కువగా కథానాయకుని గత చిత్రాల వసూళ్ళను బట్టి నిర్ణయమవుతుంది. అభిమాన సంఘాలు కూడా ప్రధానంగా కథానాయకుల పేరిటే ఏర్పడ్డాయి. కాబట్టి విజయం అతని ఖాతాలో చేరుతుంది; కథానాయికను మార్చినా వ్యాపారానికి నష్టం ఉండదని నిర్మాతలు భావిస్తారు. వివాహమైన నటిని ప్రేక్షకులు కథానాయికగా ఆదరించరన్న నమ్మకం కూడా చాలాకాలం పరిశ్రమలో ఉండేది.

మినహాయింపులు

వయసుకు తగిన పాత్రలను ప్రేక్షకులు ఆదరించరన్న అభిప్రాయాన్ని కొన్ని చిత్రాల విజయం బలపరచదు. మల్లీశ్వరి (1951)లో రామారావు సరసన నాయికగా నటించిన భానుమతి, మంగమ్మగారి మనవడు (1984)లో ఆయన కుమారుడు బాలకృష్ణకు బామ్మగా నటించింది. పాత్ర బామ్మదే అయినా చిత్రం పేరు ఆమె పాత్రపైనే ఉంది. నాగేశ్వరరావు తాతగా నటించిన సీతారామయ్యగారి మనవరాలు (1991), రామారావు వృద్ధ సైనికాధికారిగా నటించిన మేజర్ చంద్రకాంత్ (1993) కూడా విజయవంతమయ్యాయి. చంటి (1992)లో జంటగా నటించిన వెంకటేష్, మీనా 22 ఏళ్ళ తరువాత దృశ్యం (2014)లో ఎదిగిన కూతురున్న దంపతులుగా కనిపించారు. 2017లో వివాహమైన తరువాత కూడా సమంత రంగస్థలం (2018), ఓ బేబీ (2019) చిత్రాలతో విజయాలు పొందింది. వీటిలో ఓ బేబీ పూర్తిగా కథానాయికపైనే ఆధారపడిన చిత్రం.