గద్దర్ అడుగు, సీమ పలక

గద్దర్‌ను కవి అన్నారు, గాయకుడన్నారు, ప్రజాయుద్ధనౌక అన్నారు. నర్తకుడన్నవాళ్లు తక్కువ. ఆయన పాటలు పుస్తకాలకెక్కాయి, అడుగు ఎక్కలేదు. ఇది మామూలు మరుపు కాదు. మన దగ్గర నాట్యమంటే ముద్రలు, గురుపరంపర. చిందు మాదిగల ఉపకులం పేరు, వాళ్ల కళ పేరు. అయితే 'చిందులు తొక్కుతున్నావా' అన్నది తిట్టు! కులాన్ని భాష ఎక్కడ దాచుకుంటుందో చూడండి.

1949లో తూప్రాన్‌లో దళిత కూలీల ఇంట పుట్టిన గుమ్మడి విఠల్‌రావు, 1972లో మొదలైన జననాట్యమండలిలో గద్దర్ అయ్యాడు. మండలి పేరులోనే నాట్యం ఉంది గదా. ఒగ్గుకథ, వీధిభాగోతం, బుర్రకథల నడకలు తీసుకున్నాడు. గోచీ, గొంగడి, గజ్జెలు, చేతిలో కర్ర. పాట మధ్యలో ఆగి మాట చెప్పడం, మాట తెగకముందే అడుగెత్తుకోవడం, పక్కన ఇద్దరు ముగ్గురు అదే అడుగు అందుకోవడం: ఇదంతా ఆలోచించి కూర్చిన ఆటే. కూలిపని చేసే ఒంటి వంపులే అందులో భంగిమలు. 1985లో కారంచేడు తర్వాత ఆ ఒంటికి కులం కూడా ఉందని ఆయన పాట బాహాటంగా చెప్పింది. అజ్ఞాతం వీడాక 1990 ఫిబ్రవరిలో నిజాం కాలేజీ మైదానానికి లక్షల జనం వచ్చారు. వినడానికే కాదు, చూడ్డానికి కూడా. 1997 ఏప్రిల్ 6న కాల్పులు జరిగాక ఒంట్లో మిగిలిన తూటాతోనే 2023లో చనిపోయేదాకా ఆడాడు. 2024లో తెలంగాణ ప్రభుత్వం ఆయన పేరు పెట్టింది సినిమా అవార్డులకు!

మరి సీమకు ఏమొచ్చింది? కర్నూలు, కడప పల్లెల్లో డప్పును పలకనో తప్పెటనో అంటారు. మంట దగ్గర కాక పెట్టి బిగిస్తారు. చావుకీ జాతరకీ కొట్టడం మాదిగలకు కులంపని, రానంటే కుదరని పని. జననాట్యమండలి వేదిక మీదా, 1994 నుంచి దండోరా సభల్లోనూ అదే వాద్యం తలెత్తుకు నిలబడింది. అక్కడ కొట్టినవాడు కళాకారుడు. ఊళ్లో కొట్టినవాడు? 2024లో ఆంధ్రప్రదేశ్‌లో డప్పు కళాకారుల పింఛను 4,000 రూపాయలైంది. మంచిదే. కానీ పింఛను కళాకారుడన్నంత మాత్రాన ఊరు అనాలి గదా. రానని చెప్పే హక్కు ఉన్నప్పుడే అది కళ, లేనప్పుడు వెట్టి. గద్దర్ అడుగు వేదిక దిగి ఊళ్లోకి పూర్తిగా రాలేదని నా అభిప్రాయం.

కర్నూలు, కడప విద్యార్థులు ఒక పని చేయొచ్చు. మీ వాడలో పెద్దల దగ్గర కూర్చోండి. చావుకు ఏ దెబ్బ, పెండ్లికి ఏది, జాతరకు ఏది, ఏ దెబ్బకు ఏ అడుగు, వాళ్లు వాటిని ఏమని పిలుస్తారో రాసుకోండి. నేర్పినవాళ్ల పేర్లతో సహా.