భీముడు రాలేదు, ముహూర్తం ఆగలేదు

'ఆ దేవుడే దారి చూపించాలమ్మా!' ఈ మాట అనని ఇల్లాలు ఉంటుందా? ఆపరేషన్ చేయించాలా వద్దా, అప్పు తీర్చడానికి ఉన్న ఎకరం అమ్మాలా, చదువు మాన్పించి పిల్లకు పెళ్లి చేసెయ్యమంటున్న పెద్దవాళ్లకు ఏం చెప్పాలి... ఇలాంటప్పుడు కొందరు దేవుడి పటం ముందు రెండు చీటీలు వేసి ఒకటి తీస్తారు. కొందరు కళ్లు మూసుకుని బైబిలు తెరిచి, వేలు పడిన చోట వాక్యం చదువుకుంటారు. ముస్లిం ఇళ్లలో రెండు రకాతుల ఇస్తిఖారా నమాజు చేసుకుంటారు. అడగడం అందరికీ వచ్చు. మనసులో పలికిన జవాబు దేవుడిదో, మన భయానిదో తేల్చుకోవడమే కష్టం.

పగిడ్యాల వైపు వాళ్లకు దగ్గర్లోనే ఈ కష్టం తెలిసిన దేవుడున్నాడు. నంద్యాల జిల్లా కొత్తపల్లి మండలంలోని సంగమేశ్వరుడు. తుంగ, భద్ర, కృష్ణ, వేణి, భీమ, మలాపహారిణి, భవనాశి... ఏడు నదులు కలిసే చోటని దానికి పేరు. అక్కడి లింగం రాతిది కాదు, వేపచెక్కది.

ఎందుకంటే ఒక కథ చెబుతారు. ధర్మరాజు అక్కడ శివలింగం ప్రతిష్ఠించాలనుకుని, లింగం తెమ్మని భీముణ్ని కాశీకి పంపాడట. ముహూర్తం ముంచుకొచ్చింది. భీముడి జాడ లేదు. ఋషులు చెప్పిన మీదట వేపమొద్దునే లింగంగా మలిపించి ప్రతిష్ఠ కానిచ్చేశాడు. తీరా వచ్చాక భీముడికి ఒళ్లు మండిపోయింది. తెచ్చిన లింగాన్ని విసిరి పారేశాడు. (మన ఇళ్లలో మాత్రం... 'నేనొచ్చేదాకా ఆగలేకపోయారా?' అనేవాళ్లు లేరూ!) ధర్మరాజు తమ్ముణ్ని బుజ్జగించి, ఆ లింగానికి భీమలింగమని పేరు పెట్టి, ముందు దర్శనం దానికే జరిగేట్టు చేశాడు. అంతేగానీ పెట్టిన వేపలింగాన్ని పెకలించలేదు.

గమనించారా? ధర్మరాజుకు ఆకాశవాణి ఏదీ వినిపించలేదు. ఎదురుచూసింది రాలేదు. పక్కనున్నవాళ్లు ఒక మంచిమాట చెప్పారు. చేతికి అందింది ఒక మొద్దు. దాన్నే దారి అనుకున్నాడు, ఆ తర్వాత చీవాట్లు పడినా వెనక్కి తిరగలేదు.

బాగానే ఉంది, మరి పెద్దలే తప్పు చెబితే? తరిగొండ వెంగమాంబకు అదే జరిగింది. 18వ శతాబ్దంలో, చిన్న వయసులోనే భర్త పోతే, తల గొరిగించుకోమన్నారు. వేంకటేశ్వరుడే నా భర్త అంది, ఒప్పుకోలేదు. ఊరు చెప్పింది ఒకటి, ఆమెకు లోపల వినిపించింది ఇంకొకటి. రెండోదాన్నే నమ్మి తిరుమల చేరింది, 'వేంకటాచల మాహాత్మ్యం' రాసింది. ఇప్పటికీ రోజూ రాత్రి ఏకాంతసేవలో స్వామికిచ్చే ముత్యాల హారతి ఆమెదే.

మొగుడు కొడుతుంటే 'దేవుడు రాసిన రాత, ఓర్చుకో' అని చెప్పేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. ఆ మాట ఎవరి నోటి నుంచి వచ్చినా దేవుడి మాట అనుకోనక్కర్లేదు. 181కి ఫోన్ చేయడం కూడా దారి అడగడమే.

సంగమేశ్వరం చుట్టుపక్కల వాళ్లకు 1981లో అసలు పరీక్ష వచ్చింది. శ్రీశైలం జలాశయం నీళ్లు ఎగదన్నాయి. అప్పటి కర్నూలు, మహబూబ్‌నగర్ జిల్లాల్లో సుమారు వంద ఊళ్లకు ముంపు. వంటిల్లు, దూడల కొట్టం, తులసికోట అన్నీ వదిలి, ఉన్నవి మూటగట్టుకుని, ఎక్కడో కొత్త చోట మూడు రాళ్లు పెట్టి పొయ్యి వెలిగించాల్సి వచ్చింది. దారి చూపించమని మొక్కుకుందామంటే గుడే నీళ్లలో! ఇంటికో ఉద్యోగం ఇస్తామని ప్రభుత్వం 1986లో 98వ నంబరు జీవో ఇచ్చింది. దాన్ని పట్టుకుని నిర్వాసితులు ఏళ్ల తరబడి ఆఫీసుల చుట్టూ తిరిగారు, ధర్నాలు చేశారు. దేవుడు చూసుకుంటాడని ఇంట్లో కూర్చోలేదు. దేవుణ్ని మానుకోనూ లేదు.

2003లో నీళ్లు బాగా తగ్గి గుడి మళ్లీ కనిపించింది. ఇరవై ఏళ్లకు పైగా నీళ్లలో నానిన వేపలింగం అక్కడే ఉంది. అప్పటినుంచి మట్టం 840 అడుగుల దరిదాపులకు దిగినప్పుడు గుడి తేలుతుంది, వరదొస్తే మళ్లీ మునుగుతుంది. గర్భగుడిలోకి నీళ్లు వచ్చేదాకా పూజారి హారతి ఇస్తూనే ఉంటారు.

వెళ్లాలనుకునేవాళ్లు జలాశయంలో మట్టం ఎంతుందో ముందుగా కనుక్కుని బయల్దేరండి. అక్కడికి చేరాక మొదటి దండం భీమలింగానికి, ఆలస్యంగా వచ్చిన వాడికి.