బండికి ఆయాసం

నూజివీడు మామిడికాయలతో విజయవాడ బయలుదేరాం. వంతెన ఎక్కేసరికి మా బావమరిది పికప్ నీలిపొగ కక్కుతూ చతికిలబడింది. సైకిలువాడు కూడా మమ్మల్ని దాటిపోయాడు!

"టర్బో మళ్ళీ పోయింది బావా!" అన్నాడు వాడు. బండి అప్పే తీరలేదు. ఆ టర్బో వేయించి మూడు నెలలే.

టర్బో అంటే బ్రహ్మవిద్యేమీ కాదు. ఇంజను వదిలే పొగ ఒక చక్రాన్ని తిప్పుతుంది. అదే ఇరుసు రెండో కొసనున్న చక్రం ఇంజనులోకి గాలిని కూరుతుంది. స్విస్ ఇంజనీరు ఆల్ఫ్రెడ్ బూషీ 1905లో పేటెంటు చేయించిన ఉపాయం. నిమిషానికి లక్షకు పైగా చుట్లు తిరిగే ఆ ఇరుసుకు ఆధారం పలచని ఆయిల్ పొర ఒక్కటే.

ఆటోనగర్ మేస్త్రీ ముందు గాలిగొట్టాలు తడిమాడు. నల్లపొగైతే అక్కడ చిరుగుండవచ్చునట, లేదు. గొట్టం విప్పి ఇరుసును లాగితే లోపలికీ బయటికీ ఆడింది. రెక్కలు గోడకు రాసుకున్న గీతలూ కనిపించాయి.

"కొత్తది వేసెయ్యి," అన్నాడు బావమరిది.

"వేస్తే అదీ మూడు నెలలే బాబూ!" అంటూ మేస్త్రీ, ఆయిల్ వచ్చే సన్నగొట్టం చూపించాడు. మాడిన ఆయిల్ మసితో పూడిపోయి ఉంది! ఆ గొట్టం, ఆయిల్, ఫిల్టరు మార్చాకే టర్బో బిగించాడు.

"దూరం పోయొచ్చి ఠక్కున ఆపితే ఆ వేడికి ఆయిల్ మాడుతుంది. ఒక్క నిమిషం ఇంజనును ఊరికే తిరగనివ్వండి," అన్నాడు.

నిజమే. పరుగెత్తుకొచ్చిన మనిషినైనా కాస్త ఊపిరి తీసుకోనిస్తాం కదా!