లిబర్టీ సిటీలో మారుబేరం: జీటీఏ 'చైనాటౌన్ వార్స్' లెక్కల్లో రాయనివి

పోయిన నెల ఆపా ఇంటికి వెళ్తే మా భాంజా ఫోన్ తెచ్చి నా ముందు పెట్టాడు. "మామూ, చూడు. ఒక్క ట్రిప్‌లో ఎంత లాభమో! నువ్వు బీకాం కదా, ఇది బిజినెస్సే కదా?" వాడు ఇంటర్ ఎంఈసీ చదువుతున్నాడు. వంటింట్లోంచి ఆపా "అది బిజినెస్సా? గర్ద్ అమ్మే ఆట!" అని కసిరింది. ఇద్దరూ నా వైపే చూశారు. ఆడకుండా తీర్పు చెప్పడం బాగుండదని వారం రోజులు నేనే కూర్చుని ఆడాను. ఇద్దరి మాటా కొంత నిజమే అనిపించింది. ఎంత వరకు నిజమో ఇక్కడ చెప్తాను.

ఆ ఆట పేరు 'గ్రాండ్ తెఫ్ట్ ఆటో: చైనాటౌన్ వార్స్'. 2009 మార్చిలో నింటెండో డీఎస్ అనే చేతిలో పట్టే చిన్న మెషీన్ కోసం వచ్చింది. అదే ఏడాది పీఎస్పీకి, తర్వాత ఐఫోన్‌కి, 2014లో ఆండ్రాయిడ్‌కి వచ్చింది. తయారు చేసింది రాక్‌స్టార్ కంపెనీ. మన దగ్గర జీటీఏ అనగానే నా వయసు వాళ్లకి నెట్ సెంటర్‌లో గంట లెక్కన ఆడిన 'వైస్ సిటీ' గుర్తొస్తుంది. అందులో క్లబ్బో ప్రింటింగ్ ప్రెస్సో కొనేస్తే రోజూ డబ్బు దానంతట అదే వచ్చి పడుతుంది. అంటే అద్దె ఆదాయం టైపు. చైనాటౌన్ వార్స్ అలా కాదు. ఇక్కడ డబ్బు కావాలంటే కొనాలి, మోయాలి, అమ్మాలి.

ముందు ఊరు సంగతి. లిబర్టీ సిటీ అంటే పేరు మార్చిన న్యూయార్క్. మాన్‌హట్టన్‌ని అల్గాన్‌క్విన్ అన్నారు, బ్రూక్లిన్‌ని బ్రోకర్, క్వీన్స్‌ని డ్యూక్స్, బ్రాంక్స్‌ని బొహాన్ అన్నారు. కథలో హువాంగ్ లీ అనే కుర్రాడు హత్యకు గురైన తండ్రి తాలూకు కత్తిని చిన్నాయన కెన్నీకి అప్పగించడానికి విమానం దిగుతాడు. దిగీదిగగానే దాడి చేసి, కత్తి లాక్కుని, చచ్చాడనుకుని కారుతో సహా నీళ్లలో తోసేస్తారు. అక్కడి నుంచి చైనా ముఠాల తగవుల్లో పడతాడు. కథ అంతే. అసలు రుచి కథ పక్కన నడిచే వ్యాపారంలో ఉంది.

సరుకు ఆరు రకాలు. హెరాయిన్, కొకైన్, ఎక్స్‌టసీ, యాసిడ్, గంజాయి, మత్తు బిళ్లలు. ఊరంతా కలిపి 80 మంది డీలర్లు. ఒక్కో పేట ఒక్కో ముఠా చేతిలో ఉంటుంది. ఒక ముఠా దగ్గర ఒక సరుకు చవక, ఇంకో సరుకుకి గిరాకీ ఎక్కువ. ఇక్కడ కొని అక్కడ అమ్మితే మధ్యలో మిగిలేదే లాభం. మన పెద్దవాళ్లు మారుబేరం అనేది దీన్నే. కామర్స్ పుస్తకంలో ఆర్బిట్రేజ్ అని పెద్ద పేరు పెట్టారు, అంతే తేడా.

ఈ ఐడియా కొత్తదేం కాదు. 1984లో జాన్ డెల్ అనే ఆయన 'డ్రగ్ వార్స్' అని కంప్యూటర్ ఆట ఒకటి రాశాడు. బొమ్మలు లేవు, ఉత్త అక్షరాలే. అదీ న్యూయార్క్‌లోనే. 30 రోజుల గడువులో పేటలు తిరిగి సరుకు కొని అమ్మాలి. ఆ పాత ఆటలో మొదటి రోజే మీ నెత్తి మీద వడ్డీ వ్యాపారి అప్పు ఉంటుంది. రోజూ పెరుగుతుంది. ఈ అప్పు సంగతి గుర్తు పెట్టుకోండి, మళ్లీ దీని దగ్గరికి వస్తాను.

చైనాటౌన్ వార్స్‌లో లాభానికి అసలు మూలం సమాచారం. హువాంగ్ చేతిలో చిన్న పరికరం ఉంటుంది. ఫలానా చోట ఫలానా సరుకు బాగా చవకగా పోతోంది, ఫలానా డీలర్ మామూలు కంటే చాలా ఎక్కువ ఇస్తాడు అని దానికి మెయిల్ వస్తుంది. ఆ కబురు కొంతసేపే పనికొస్తుంది. ముందే సరుకు కొని ఇంట్లో దాచుకున్నవాడు వెంటనే తీసుకెళ్లి అమ్మేస్తాడు. దాచుకోనివాడు కొనడానికి పరిగెత్తేలోపు బేరం చల్లారిపోతుంది. స్టాక్ ఎందుకు పెట్టుకోవాలో నాకు డిగ్రీలో మూడేళ్లు చెప్పారు గానీ ఇంత బాగా ఎక్కలేదు, ఒప్పుకోవాలి.

ఇక్కడ చిన్న పక్కమాట. ఊరి బయటే బిడారుకి ఎదురెళ్లి, బజారు రేటు తెలియని పల్లెవాళ్ల దగ్గర చవకగా కొనేయడాన్ని మన ఫిఖ్‌హ్‌లో 'తలఖ్ఖీ రుక్బాన్' అంటారు, అది మనా. కొరత పుట్టించి రేటు పెంచడానికి సరుకు దాచడాన్ని ఇహ్తికార్ అంటారు, అదీ మనా. అవి ధాన్యం లాంటి హలాల్ సరుకుల విషయంలో చెప్పినవే. అంటే సరుకు మంచిదైనా బేరం పద్ధతి చెడ్డది కావచ్చన్నమాట. ఈ ఆటలో సరుకే హరామ్, ఇక పద్ధతి గురించి ఫత్వా అడగాల్సిన పని లేదు.

మళ్లీ ఆటకి. మోయగలిగేది కొంతే, కాబట్టి సంచిలో ఏది పెట్టాలన్నది ప్రశ్న. గంజాయి చవక, కొకైన్, హెరాయిన్ ఖరీదు. అంతే చోటులో ఖరీదైనది పెడితే లాభం ఎక్కువ, పోతే నష్టమూ ఎక్కువే. బేరం మధ్యలో ఒక్కోసారి పోలీసులు దిగిపోతారు. దొరికితే సంచిలో సరుకు, చేతిలో ఆయుధాలు పోతాయి. ఇంట్లో దాచింది మాత్రం భద్రం. అందుకే కాస్త అనుభవం వచ్చినవాడు ఉన్నదంతా మోసుకు తిరగడు. ఊళ్లో 100 నిఘా కెమెరాలుంటాయి, వాటిని పగలగొడితే బేరాలు మెరుగవుతాయి. నిఘా తగ్గితే రిస్క్ తగ్గుతుంది, రిస్క్ తగ్గితే రేటు మారుతుంది. చిన్న విషయమే గానీ నిషేధించిన సరుకు ఎందుకంత ఖరీదో ఇందులోనే ఉంది. ఆ రేటులో పండించిన ఖర్చు కొంచెమే. మిగతాదంతా పట్టుబడే భయానికి కట్టిన ధర.

ఇంతవరకు భాంజా మాట నిజం. ఇది బిజినెస్ పాఠమే, బాగా రాసిన పాఠం. కానీ లెక్కల పుస్తకం తెరిచి చూస్తే కొన్ని పద్దులు అసలు రాయలేదు.

మొదటిది అప్పు. ఇక్కడ అంతా రొక్కం. డబ్బుంటే కొంటారు, లేకపోతే లేదు. నిజం బజార్లో కిందివాడికి సరుకు అప్పు మీదే ఇస్తారు, అమ్మాక డబ్బు కట్టాలి. సరుకు పోలీసుల పాలైనా, ఎవడో లాక్కున్నా అప్పు మాత్రం పోదు. ఆ అప్పే మనిషిని బయటికి రానివ్వదు. 1984 నాటి బొమ్మల్లేని ఆటకి తెలిసిన ఈ సంగతిని 2009 ఆట వదిలేసింది. బహుశా సరదా తగ్గుతుందని కావచ్చు.

రెండోది జైలు. ఆటలో పట్టుబడితే కాసేపట్లో స్టేషన్ బయట నిలబడి ఉంటారు. అసలు న్యూయార్క్‌లో ఏముండేదో చూడండి. గవర్నర్ నెల్సన్ రాక్‌ఫెల్లర్ 1973లో తెచ్చిన చట్టాల ప్రకారం కొన్ని ఔన్సుల హెరాయిన్ అమ్మినా కనీసం 15 ఏళ్లు, పై హద్దు యావజ్జీవం. జడ్జికి దయ చూపాలని ఉన్నా వీలుండేది కాదు. లోపలికి పోయినవాళ్లలో ఎక్కువమంది పేద నల్లవాళ్లు, లాటినోలు. ఆ కనీస శిక్షల్ని చాలావరకు సడలించింది 2009 ఏప్రిల్‌లో. అంటే ఈ ఆట దుకాణాల్లోకి వచ్చిన మరుసటి నెల! 36 ఏళ్లపాటు ఆ ఊరి వ్యాపారంలో అన్నిటికంటే పెద్ద ఖర్చు అదే. ఆ ఖర్చుకి ఆటలో రాసుకున్నది ఒక సంచి సరుకు.

మూడోది జీతాలు. ఆటలో హువాంగ్ ఒక్కడే. లాభమంతా వాడిదే. కింద పనిచేసేవాడు లేడు. దీని మీద నిజమైన లెక్క ఒకటి ఉంది. అది న్యూయార్క్‌ది కాదు, షికాగోది. చెన్నైలో పుట్టిన సుధీర్ వెంకటేశ్ షికాగో యూనివర్సిటీలో చదువుకునేటప్పుడు క్రాక్ అమ్మే ఒక ముఠాతో ఏళ్లతరబడి తిరిగాడు. ఆ ముఠా నాలుగేళ్ల జమాఖర్చుల పుస్తకాలు అతని చేతికి వచ్చాయి. స్టీవెన్ లెవిట్ అనే ఆర్థికవేత్తతో కలిసి వాటి మీద 2000లో పరిశోధన పత్రం రాశాడు. తర్వాత 2005లో 'ఫ్రీకనామిక్స్' పుస్తకంలో ఇది అందరికీ తెలిసింది.

అందులో అంకెలు ఇవీ. ముఠా నాయకుడు, పుస్తకంలో పేరు జేటీ, నెలకి సుమారు 8,500 డాలర్లు. గంటకి 66 డాలర్లు పడుతుంది. అతని కింద ముగ్గురు ఆఫీసర్లు, ఒక్కొక్కరికి నెలకి 700, గంటకి 7. వాళ్ల కింద వీధిలో నిలబడి అమ్మే కుర్రాళ్లు సుమారు 50 మంది. వాళ్లకి గంటకి 3 డాలర్ల 30 సెంట్లు. అమెరికాలో చట్టం చెప్పే కనీస కూలి కంటే తక్కువ. చాలామంది పక్కన ఇంకో పని చేసుకునేవాళ్లు, అమ్మ దగ్గరే ఉండేవాళ్లు. ఆ నాలుగేళ్లూ ముఠాలో ఉన్న కుర్రాడు సగటున 6 సార్లు అరెస్టయ్యాడు. చచ్చిపోయే అవకాశం నలుగురిలో ఒకరికి.

ఇంకా ఒక పద్దు ఉంది, కొనేవాడు. చైనాటౌన్ వార్స్‌లో మీరు డీలర్ దగ్గర కొంటారు, డీలర్‌కే అమ్ముతారు. ఆ సరుకు పీల్చి పడిపోయినవాడు, వాడి తల్లి, అమ్ముడుపోయిన ఇంట్లో సామాను మీ బేరంలో ఎక్కడా కనబడవు. 80 మంది డీలర్లూ ఒకరికొకరు అమ్ముకుంటున్నట్టే ఉంటుంది. ఆపా కోపం దీని గురించే. ఆవిడకి ఆ మాటల్లో చెప్పడం రాలేదంతే. పోతే ఈ ఆటకి యూరప్‌లో 18 ఏళ్లు నిండాలన్న గుర్తు ఉంది. మా వాడికి 17. దాని మీద నేనేం చెప్పలేకపోయాను, వైస్ సిటీ ఆడినప్పుడు నాకు 12 కూడా లేవు.

కానీ ఒక్కటి మాత్రం వాడికి కాగితం మీద రాసి చూపించాను. మన దేశంలో 1985 నాటి ఎన్‌డీపీఎస్ చట్టం. ఇందులో సరుకు తూకాన్ని బట్టి శిక్ష. గంజాయి 20 కిలోలు, హెరాయిన్ 250 గ్రాములు, కొకైన్ 100 గ్రాములు, ఎక్స్‌టసీ బిళ్లల్లో ఉండే ఎండీఎంఏ అయితే 10 గ్రాములు. ఈ తూకానికి చట్టం పెట్టిన పేరు 'కమర్షియల్ క్వాంటిటీ'. మన సబ్జెక్ట్ పేరే! ఆ తూకం దాటితే కనీసం 10 ఏళ్లు, గరిష్ఠం 20 ఏళ్లు. జరిమానా లక్ష నుంచి 2 లక్షలు. బెయిల్ మామూలు కేసుల్లో లాగా రాదు. నిందితుడు తప్పు చేయలేదని నమ్మడానికి తగిన ఆధారం ఉందని కోర్టుకి అనిపించాలి. సంచి ఎవరిదో తెలియదు, అన్న మోసుకెళ్లమన్నాడు అంటే సరిపోదు. సంచి ఎవరి దగ్గర దొరికితే ముందు ఇరుక్కునేది వాడే.

భాంజా కాగితం చాలాసేపు చూశాడు. ఎన్‌డీపీఎస్ సంగతి వదిలేసి షికాగో అంకెల దగ్గర ఆగాడు. "అయితే మామూ, ఆ జేటీకి మాత్రం బాగానే మిగిలింది కదా?"

మిగిలింది. పై పదవి కూడా వచ్చింది, ముఠా పెద్దల బోర్డులో కూర్చున్నాడు. తర్వాత ఫెడరల్ కేసులో జైలుకి పోయాడు.