దాణా వెలయు ఎరువు వెలయు: పశుపోషకునిపై రెండువైపుల భారము

పట్టణములలో పాల వెల పెరిగినదని వినినప్పుడెల్ల పాడిపశువులుగల రైతు లాభము నొందుచున్నాడని పలువురు తలంతురు. అదియే నిజమైనచో తెలకపల్లి పరిసర గ్రామములలో ప్రతి కొట్టమును నిండియుండవలెను. కాని పాల వెల పెరిగిన దినములలోనే బఱ్ఱెను అంగడికి తోలుకొని పోవు రైతును మనము చూచుచున్నాము. ఈ వైపరీత్యమునకు కారణమును సంఘ సభ్యులకు విశదపఱచుటయే ఈ వ్యాసము యొక్క ఉద్దేశము. ముందుగా ఒక్కమాట చెప్పుదుము. దాణా వెలయు ఎరువు వెలయు రెండు వేర్వేరు కష్టములు కావు. పొలమునకును పశువునకును గల పొత్తు చెడుటవలన పుట్టిన ఒకే కష్టమునకు అవి రెండు ముఖములు.

పూర్వపు పొత్తు

మన నాగర్‌కర్నూలు ప్రాంతము చిరకాలము వానమీదనే ఆధారపడిన నేల. జొన్న వేసిన రైతునకు గింజ ఇంటికిని, చొప్ప పశువునకును దక్కెడిది. వేరుసెనగ కట్టె మేతయయ్యెడిది. గింజ గానుగ నాడినప్పుడు నూనెతోపాటు తెలకపిండియు ఊరిలోనే నిలిచెడిది. పశువు తిన్నది పెంటయై మరల చేనికే చేరెడిది. పంట కోసిన చేలలో గొఱ్ఱెల మందను రాత్రులు నిలిపించుకొని, కాపరికి గింజయో రూకయో ముట్టజెప్పుట పాలమూరు సీమలో వాడుక. ఆనాడు దాణాకును ఎరువునకును రైతు సంచి విప్పవలసిన అవసరము స్వల్పము.

పిమ్మట ప్రత్తి విస్తరించెను. ప్రత్తి రొక్కము నిచ్చును గాని మేత నీయదు. మహాత్మాగాంధీ కల్వకుర్తి ఎత్తిపోతల పథకముచే శ్రీశైలపు జలాశయమునుండి కృష్ణానీరు ఎల్లూరు, జొన్నలబొగుడ, గుడిపల్లిగట్టు అను మూడు తావుల ఎత్తబడి ఈ జిల్లా చేలకు చేరుటతో వరి పెరిగెను. ఇది గొప్ప మేలే. అయినను వరిగడ్డి పుష్టిలో జొన్నచొప్పకు సరితూగదు. యంత్రముతో కోసినచోట ఆ గడ్డియు చేనిలో చెదరిపోవును; దానిని కట్టలు కట్టించుటకు వేఱుగ వ్యయము కావలెను. ఎద్దుల స్థానమున ట్రాక్టరు వచ్చుటచే పెంటకుప్పయు చిన్నదాయెను. ఇట్లు మేత తగ్గినకొలది దాణాయు, పెంట తగ్గినకొలది బస్తా ఎరువును కొనవలసి వచ్చినవి. కొనవలసినవాని వెలను నిర్ణయించువారు మన ఊరివారు కారు.

దాణా వెల పెరుగుటకు కారణములు

మొక్కజొన్న, సోయా చెక్క, ప్రత్తిగింజల చెక్క, వేరుసెనగ చెక్క, తవుడు - ఇవి దాణాలోని ముఖ్య వస్తువులు. 2021లో సోయా చెక్క వెల మిక్కిలి పెరుగగా కోళ్ళ పెంపకమువారు మొఱపెట్టుకొనిరి. ఆ సంవత్సరము ఆగష్టులో కేంద్ర ప్రభుత్వము, జన్యుమార్పిడి చేసిన సోయాగింజల చెక్కను 12 లక్షల టన్నులవఱకు విదేశములనుండి తెచ్చుకొనుటకు అనుమతి నిచ్చెను. 2023 జూలైలో నూనె తీసిన తవుడును విదేశములకు పంపరాదని ఉత్తరువు వెలువడెను. తవుడు బయటికి పోయినకొలది ఇచట దాణా ప్రియమై పాల వెలయు పెరుగుననుటయే దానికి కారణము.

మొక్కజొన్న సంగతి మఱియొక విధము. పెట్రోలులో కలుపు ఇథనాల్ కొఱకు ఇటీవలి సంవత్సరములలో మొక్కజొన్నను విశేషముగ వాడుచున్నారు. దాని మద్దతు ధర క్వింటాలునకు 2024-25లో 2225 రూపాయలుగను, 2025-26లో 2400 రూపాయలుగను నిర్ణయింపబడెను. పండించువానికిది న్యాయమే. కాని మొక్కజొన్న నమ్మిన రైతే మఱునాడు దాణా బస్తా కొనబోవునప్పుడు ఆ పెంపును తానే చెల్లింపవలసి వచ్చును.

ఎరువు వెల

యూరియాకు మూలవస్తువు సహజవాయువు. భాస్వరపు ఎరువులకును పొటాషునకును మనము విదేశములపై ఎక్కువగా ఆధారపడియున్నాము. 2021 ఏప్రిల్‌లో డి.ఏ.పి. బస్తా 1900 రూపాయలని ప్రకటన రాగా, మే నెలలో కేంద్ర ప్రభుత్వము బస్తాకు తానిచ్చు సబ్సిడీని 500 నుండి 1200 రూపాయలకు పెంచి, రైతునకు 1200 రూపాయలకే దొరకునట్లు చేసెను. 2022 ఫిబ్రవరిలో రష్యా యుక్రెయిన్‌ల యుద్ధము మొదలై, వాయువు వెలయు పొటాషు వెలయు పెరిగెను. ఆ సంవత్సరము డి.ఏ.పి. 1350 రూపాయలకును, పొటాష్ బస్తా 1700 రూపాయలకును చేరెను. యూరియా వెలను ప్రభుత్వము అదుపులో నుంచినది. అయినను వెల పెరుగకున్నంతమాత్రమున వస్తువు దొరకునని చెప్పజాలము. 2025 వానాకాలమున తెలంగాణ రైతులు యూరియాకొఱకు సహకార సంఘముల యెదుట బారులు తీరిరి.

ఒక బఱ్ఱె లెక్క

ఈ భారము కొట్టములోనికి ఎట్లు వచ్చునో ఉదాహరణముగ చూతము. పూటకు నాలుగు లీటర్ల చొప్పున దినమునకు 8 లీటర్ల పాలిచ్చు బఱ్ఱె యున్నదనుకొందము. శరీరపోషణమునకు ఒక కిలో, ప్రతి రెండు లీటర్ల పాలకు ఒక కిలో చొప్పున దానికి 5 కిలోల దాణా వలయును. దాణా కిలోకు 5 రూపాయలు పెరిగినచో దినమునకు 25 రూపాయలు, అనగా లీటరునకు 3 రూపాయలకు పైగా, అదనపు వ్యయము. పాల వెల లీటరునకు 2 రూపాయలు పెరిగినను వచ్చునది 16 రూపాయలే. తక్కిన 9 రూపాయలు, నెలకు 270 రూపాయలు, రైతు చేతినుండియే పోవును. వట్టిపోయిన నెలలలో పాల రాబడి లేకున్నను మేత తప్పదు. 2022 ఆగష్టులో అమూల్‌వారు లీటరునకు 2 రూపాయలు పెంచుచు, పశువుల దాణా వ్యయము సంవత్సరములో సుమారు నూటికి 20 వంతులు పెరిగినదని తెలిపిరి. కావున ఇది మన ఊరి కష్టము మాత్రమే కాదు.

వెలలు వెంటనే సర్దుకొనవేల?

వ్యయము పెరిగినచో అమ్ముడు వెలయు పెరిగి సరిపోవునని కొందఱందురు. కాలాంతరమున కొంత నిజమే. కాని ఆ కాలమే రైతును చెఱచును. దాణా ప్రియమైన వెంటనే పలువురు ఒక్కసారి పశువుల నమ్మజూతురు. అంగడిలో పశువు వెల పడిపోవును. పశువులు తగ్గిన పిమ్మట పాలకును మాంసమునకును కొఱత గలిగి వెల పెరుగును. అప్పటికి అమ్మినవాని కొట్టము వట్టిదై యుండును. కోడిపిల్ల ఆఱువారములలో అమ్మకమునకు వచ్చును. కావున కోళ్ళవారు త్వరలో సర్దుకొందురు. బఱ్ఱె దూడ తొలి ఈత ఈనుటకు మూడేండ్లు దాటును. కష్టకాలమున చవుకగ నమ్మి, మంచికాలమున ప్రియముగ కొనుటయే చిన్నరైతు అప్పునకు ఒక ముఖ్య మార్గమగుచున్నది.

గొఱ్ఱెల కాపరులకును ఇట్టి చిక్కే కలదు. 2017 జూన్‌లో మొదలైన రాష్ట్ర పథకము క్రింద, గొఱ్ఱెల పెంపకపు సహకార సంఘముల సభ్యులకు నూటికి 75 వంతుల సబ్సిడీతో 20 గొఱ్ఱెలును ఒక పొట్టేలును ఈయబడెను. మందలు పెరిగెను గాని బీళ్ళు పెరుగలేదు. మేపునేల లేని మందకు కొన్న మేతయే గతి.

మనము చేయదగినవి

మొదటిది, మేతకు నేల కేటాయించుట. నీటి వసతిగల రైతు పది గుంటలలో బహువార్షిక నేపియరు గడ్డిని నాటినచో రెండు బఱ్ఱెలకు పచ్చిమేత సమకూరును. దానితోపాటు అలసంద, పిల్లిపెసర వంటి పప్పుజాతి మేత వలయును. అట్టి పచ్చిమేత 8 మొదలు 10 కిలోలు ఒక కిలో దాణాకు బదులుగ పనిచేయును. మన ఉదాహరణములోని బఱ్ఱెకు 20 కిలోలు వేసినచో, దాణాను 5 కిలోలనుండి 3 కిలోలకు తగ్గింపవచ్చును. జొన్నను మేతకు వేయువారు పూత రాకముందు లేతపైరును మేపరాదు. నాము పట్టి పశువు చచ్చును.

రెండవది, వరిగడ్డిని బాగుచేయుట. 100 కిలోల గడ్డికి 4 కిలోల యూరియాను సుమారు 50 లీటర్ల నీటిలో పూర్తిగ కరగించి పొరలు పొరలుగ చల్లి, గాలి చొరకుండ కప్పి, 21 దినములు మాగనిచ్చి, పిదప ఆరబెట్టి మేపవలెను. ఆఱునెలలలోపు దూడలకు పెట్టరాదు. యూరియా నీటిని పశువు త్రాగిన ప్రాణాపాయము. కావున మిగిలిన నీటిని తొట్టిలో నుంచరాదు.

మూడవది, పెంటను కాపాడుట. బాగుగ మాగిన 10 టన్నుల పశువుల ఎరువులో సుమారు 50 కిలోల నత్రజనియు, 20 కిలోల భాస్వరమును, 50 కిలోల పొటాషును ఉండును. 45 కిలోల యూరియా బస్తాలో ఉండు నత్రజని 21 కిలోలకు లోపే. పెంటలోని సారము నెమ్మదిగ విడుదలయగును గావున యూరియాను ఒక్కసారి మానుటకు వీలులేదు. కాని క్రమముగ తగ్గింపవచ్చును. ఎండకు నత్రజని ఆవిరియగును, వానకు పొటాషు కొట్టుకొనిపోవును. కావున గుంటలో వేసి, పశువుల మూత్రమును దానిలోనికే పాఱించి, పైన మట్టి కప్పవలెను. గొఱ్ఱెల మందను చేనిలో నిలిపించుకొను ఆచారమును విడువరాదు. కాపరికిచ్చు రూక ఎరువు బస్తాకిచ్చు రూకవలె ఊరు దాటిపోదు.

నాలుగవది, కలసి కొనుట. గింజ ఆడు కాలమున చెక్క విరివిగ దొరకును. అప్పుడు సంఘము మొత్తముగ కొని, తడి తగులకుండ నిలువ చేసి, సభ్యులకు పంచవలెను. బూజుపట్టిన వేరుసెనగ చెక్క విషతుల్యము గనుక చవుకయైనను కొనరాదు. గుజరాతులోని ఖేడా జిల్లా పాల ఉత్పత్తిదారుల సంఘము 1946లో నమోదైనది. అది పాలు కొనుటతో తృప్తిపడక, కంజరియను గ్రామమున పశువుల దాణా కర్మాగారమును నెలకొల్పెను. 1964లో నాటి ప్రధానమంత్రి లాల్ బహదూర్ శాస్త్రిగారు దానిని ప్రారంభించిరి. పాలను కలసి అమ్ముకొనువారు దాణాను ఒంటరిగ కొనినచో, ఒకచేత గడించినది మఱియొకచేత పోవునని వారెఱిగిరి.

విదేశపు యుద్ధమును మనము ఆపజాలము. సోయా వెలను నిర్ణయింపజాలము. కాని పది గుంటల మేతయు, ఒక పెంటగుంటయు, సంఘపు గిడ్డంగిలో నాలుగు నెలల చెక్కయు మన వశములోనివి. దాణా ప్రియమైన దినమున బఱ్ఱెను అంగడికి తోలునట్టి అగత్యము ఏ సభ్యునకును రాకుండుటయే మన పనికి కొలమానము. సభ్యులు తమకు వలయు చెక్క మొత్తమును పంటకు ముందే సంఘమునకు తెలిపినచో, కొనుగోలుకు తగిన ఏర్పాటు సకాలములో జరుగును.