మంట కంటే ముందు పొగ

1666లో లండన్ తగలబడినప్పుడు 13,000కు పైగా ఇళ్లు బూడిదయ్యాయి. లెక్కకెక్కిన మరణాలు మాత్రం పదికి లోపే. హైదరాబాద్‌లో ఈమధ్య జరుగుతున్న అగ్నిప్రమాదాలు దీనికి తలకిందులు: మంట ఒక్క భవనం దాటదు, లోపలి మనుషులు మాత్రం మిగలరు. 2022 మార్చిలో బోయిగూడ తుక్కు గోదాములో బిహార్ నుంచి వచ్చిన 11 మంది కూలీలు, సెప్టెంబరులో సికింద్రాబాద్‌లో ఎలక్ట్రిక్ స్కూటర్ల షోరూమ్ పైనున్న లాడ్జిలో 8 మంది, 2023 మార్చిలో స్వప్నలోక్ కాంప్లెక్స్‌లో ఆరుగురు యువతీయువకులు, నవంబరులో నాంపల్లి బజార్‌ఘాట్ అపార్ట్‌మెంట్‌లో కనీసం 9 మంది, 2025 మే 18న పాతబస్తీలోని గుల్జార్‌హౌజ్ దగ్గర ఒకే కుటుంబానికి చెందిన 17 మంది చనిపోయారు. ఆ 17 మందిలో 8 మంది పిల్లలు.

చాలాసార్లు మర్నాడు వినిపించే మాట షార్ట్ సర్క్యూట్. నిప్పు ఎలా పుట్టిందో అది చెబుతుందేమో కానీ, ఇంతమంది ఎందుకు పోయారో చెప్పదు. లాడ్జిలో, స్వప్నలోక్‌లో, గుల్జార్‌హౌజ్‌లో ప్రధానంగా ప్రాణం తీసింది పొగ. ప్లాస్టిక్, బ్యాటరీలు, రసాయనాలు కాలితే వచ్చే పొగలో కార్బన్ మోనాక్సైడ్ ఉంటుంది. అది రక్తానికి ఆక్సిజన్ అందనివ్వదు, లేచి పరిగెత్తే లోపే స్పృహ తప్పిస్తుంది. కింద సరుకు, పైన మనుషులు, మధ్య ఒకే మెట్లదారి ఉన్నచోట ఆ మెట్లే పొగగొట్టంలా పనిచేస్తాయి. బజార్‌ఘాట్‌లో కింద ఉన్నవి రసాయనాల డ్రమ్ములు, సికింద్రాబాద్‌లో స్కూటర్లు, బోయిగూడలో తుక్కు. పైన ఉన్నవాళ్లకు మరో దారి లేదు.

పాతబస్తీ గల్లీల్లోకి ఫైరింజన్ దూరదు, అదే అసలు సమస్య అనేవాళ్లున్నారు. గల్లీల ఇరుకు నిజమే. కానీ గుల్జార్‌హౌజ్‌కు సిబ్బంది నిమిషాల్లోనే చేరుకున్నారు; అక్కడ అడ్డుపడింది మీటరు వెడల్పున్న ఒకే ఒక్క మెట్లదారి. సికింద్రాబాద్ లాడ్జి, స్వప్నలోక్ అయితే పెద్ద రోడ్ల మీదే ఉన్నాయి. మన నిబంధనలు మాత్రం ఇప్పటికీ ముఖ్యంగా ఎత్తునే కొలుస్తున్నాయి. సాధారణంగా నివాస భవనం 18 మీటర్లు, వాణిజ్య భవనం 15 మీటర్లు దాటితేనే అగ్నిమాపక శాఖ నిరభ్యంతర పత్రం (ఎన్‌వోసీ) తప్పనిసరి. గుల్జార్‌హౌజ్ ఇంటికి పైన ఉన్నవి రెండే అంతస్తులు. స్వప్నలోక్ ఎత్తైన భవనమే, అయినా అక్కడా ప్రాణాలు పోయాయి. అంటే ఎత్తు ఒక్కటే కొలతగా పనికిరాదు; కింద ఏముంది, పైన ఎవరు పడుకుంటున్నారు, ఎన్ని దారులున్నాయి అన్నది చూడాలి.

చిన్న వ్యాపారి సరుకు ఎక్కడ పెట్టుకోవాలన్నది న్యాయమైన ప్రశ్న. బయట గోదాము అద్దె అతను భరించలేడు, కూలీకి వేరే గది అద్దె అసలే అందదు. అందుకే అన్ని దుకాణాలనూ ఖాళీ చేయించమనడం తప్పు. బట్టలకూ రసాయనాల డ్రమ్ములకూ ఒకే నియమం అక్కర్లేదు. బ్యాటరీలు, రెజిన్లు, తుక్కు ఉన్న భవనంలో మనుషులు రాత్రి నిద్రపోకుండా చూడటం, తప్పనిసరైతే బయటినుంచి రెండో మెట్లు కట్టించడం, మెట్లదారిలో కరెంటు మీటర్లూ సరుకూ లేకుండా చేయడం ముందు జరగాలి. ఆ ఖర్చు భరించాల్సింది అద్దె వసూలు చేస్తున్న యజమాని, పైఅంతస్తులో పడుకునే కూలీ కాదు.